మైగ్రేన్, కడుపు ఉబ్బరం, విరేచనాలు కలిసి వస్తుంటే: ఒత్తిడి పాత్ర ఎంత, ఉద్యోగం మానేయాలా?

మీరు రాసినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెప్పుకుందాం. మీ వయసు 34. హైదరాబాదులో ఒక ప్రైవేటు బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేస్తున్నారు. కొన్నేళ్లుగా నెలకు ఏడెనిమిది సార్లు తలకు ఒకవైపు పోటు వస్తోంది, ఆ సమయంలో వెలుతురు చూడలేకపోతున్నారు, వికారంగా ఉంటోంది. దీనికి తోడు తిన్న గంటకే కడుపు ఉబ్బరిస్తోంది, మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి విరేచనమయ్యాక తగ్గుతోంది, ఆఫీసుకు బయలుదేరే ముందు రెండు మూడు సార్లు వెళ్లవలసి వస్తోంది. ఎండోస్కోపీ, తల స్కానింగ్, రక్త పరీక్షలు అన్నీ బాగున్నాయని చెప్పి, టెన్షన్ తగ్గించుకొమ్మన్నారు. గ్యాస్ తలకెక్కుతోందని మీ అత్తగారు అంటున్నారు. గ్యాస్ వల్ల తలనొప్పా, తలనొప్పి వల్ల కడుపు బాధా, అన్నింటికీ ఒత్తిడే కారణమైతే ఉద్యోగం మానేయాలా అన్నది మీ ప్రశ్న.

నేను వరంగల్లులో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ రెండు బాధలతో కలిపి వచ్చేవారిని చూడని వారం నాకు దాదాపు ఉండదు. సూటిగా జవాబు చెబుతాను. గ్యాస్ తలకెక్కడం వల్ల మీకు తలనొప్పి రావడం లేదు. తలనొప్పి ఒక్కటే మీ కడుపును చెడగొట్టడమూ లేదు. మీరు చెప్పిన లక్షణాలు మైగ్రేన్‌కు, అంటే మనవాళ్లు పార్శ్వపు నొప్పి అనే జబ్బుకు, దానితో పాటు ఐబీఎస్ అనే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌కు, అంటే పేగులు అతిగా స్పందించే జబ్బుకు, సరిపోతున్నాయి. ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించడం చాలా మామూలు, ఎందుకంటే రెండింటి వెనుకా ఉన్నది మార్పులకు అతిగా స్పందించే నాడీ వ్యవస్థ. ఒత్తిడి ఆ స్పందనను రెచ్చగొడుతుంది కానీ ఆ స్వభావాన్ని పుట్టించదు. కాబట్టి ఉద్యోగం మానేయడం దీనికి మొదటి చికిత్స కాదు. మొదట నెలలో ఎన్ని రోజులు నొప్పి మాత్ర వేసుకుంటున్నారో లెక్క పెట్టండి, తరువాత తిండి, నిద్ర వేళలను స్థిరపరచండి, ఆ తరువాత నివారణ మందు అవసరమా అన్నది వైద్యుడితో మాట్లాడండి. ఈ వరుసను మార్చవద్దని ఎందుకు అంటున్నానో కింద వివరిస్తాను.

మిమ్మల్ని పరీక్షించకుండా రాస్తున్న సమాధానం ఇది. దీన్ని పట్టుకుని మీ వైద్యుడిని మరింత స్పష్టంగా ప్రశ్నలు అడగగలిగితే నా ఉద్దేశం నెరవేరినట్టే.

పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయంటే జబ్బు లేదని అర్థం కాదు. మైగ్రేన్‌ను స్కానింగులో చూడలేము, ఐబీఎస్‌ను ఎండోస్కోపీలో చూడలేము. రెండింటినీ లక్షణాలను బట్టే నిర్ధారిస్తారు. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండే నొప్పి, ఒకవైపు రావడం, నాడి కొట్టుకున్నట్టు పోటు పెట్టడం, మెట్లెక్కినా వంగినా ఎక్కువ కావడం, వికారం లేదా వాంతి, వెలుతురునూ శబ్దాన్నీ భరించలేకపోవడం, ఇవి మైగ్రేన్ గుర్తులు. అన్నీ ఉండనవసరం లేదు. ఐబీఎస్ విషయంలో 2016 నుంచి వాడుకలో ఉన్న, జీర్ణకోశ నిపుణులు రూపొందించిన రోమ్ ప్రమాణాల ప్రకారం, లక్షణాలు మొదలై కనీసం ఆరు నెలలు అయి ఉండాలి, గత మూడు నెలలుగా వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి, మలవిసర్జన, దాని సంఖ్యలో మార్పు, రూపంలో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండింటితో ఆ నొప్పికి సంబంధం ఉండాలి. "అన్నీ నార్మల్" అన్న మాట విని చాలామంది తమ బాధను ఎవరూ నమ్మడం లేదని కుంగిపోతారు. అల్సరు, కణితి లాంటివి కనిపించలేదన్నది ఆ రిపోర్టుల అర్థం. మీ బాధ నిజమైనదే, దానికి పేరుంది, చికిత్స ఉంది.

ఇక గ్యాస్ సంగతి. మన దగ్గర తలనొప్పి వస్తే రెండు పేర్లు ముందుగా వినిపిస్తాయి: ఒకటి సైనస్, రెండోది గ్యాస్. ఏళ్ల తరబడి సైనస్ మాత్రలు వాడి, చివరికి మైగ్రేన్ అని తేలినవారు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. గ్యాస్ అనుకోవడానికీ బలమైన కారణమే ఉంది. మైగ్రేన్ నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే, ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి తినాలనిపించడం, కడుపు బరువెక్కడం లాంటివి కనిపిస్తాయి. తలలో పోటు వచ్చేది వీటి తరువాత. ముందు కడుపు, తరువాత తల కాబట్టి కడుపే కారణమని ఇంట్లో పెద్దవాళ్లు అనుకోవడం సహజం. వాంతి అయ్యాక కొందరికి నొప్పి తగ్గుతుంది కనుక పైత్యం బయటికి పోయిందని కూడా అంటారు. వాస్తవానికి ఆ కడుపు బరువు మైగ్రేన్‌లో మొదటి భాగం. దాడి అప్పటికే మొదలైపోయింది. మీ అత్తగారు గమనించిన క్రమం సరైనదే, కారణం మాత్రం వేరు.

మనసులో ఆందోళన కడుపుకు చేరుతుందన్నది వైద్యులు కళ్లారా చూసిన విషయం. 1822లో అమెరికాలో తుపాకి దెబ్బ తగిలిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి కడుపు మీద రంధ్రం పూడకుండా మిగిలిపోయింది. దాని గుండా జీర్ణాశయాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు, ఆ మనిషికి కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ మారిపోవడాన్ని నమోదు చేశాడు. ఇప్పుడు ఆ దారి మరింత వివరంగా తెలుసు. ఒత్తిడి కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ విడుదల చేసే ఒక రసాయనం జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, అదే సమయంలో పెద్దపేగు కదలికను పెంచుతుంది. తిన్నది పైన నిలిచిపోయి ఉబ్బరం రావడానికీ, కింద విరేచనం తొందర పెట్టడానికీ ఒకేసారి కారణం దొరికింది కదా? పొద్దున టిఫిను లేదా కాఫీ పడగానే పెద్దపేగు కదలడం అందరిలోనూ జరిగేదే, మీలో దానికి ఆఫీసు ఆందోళన తోడవుతోంది. పేగుల గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలు ఉన్నాయి. మెదడుకూ పేగులకూ మధ్య నడిచే వేగస్ నాడిలో అధిక భాగం తంతువులు కబురును పేగుల నుంచి మెదడుకు మోసేవే. అందుకే కడుపు బాగాలేని రోజున తల కూడా తేలికగా దెబ్బతింటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను, దయచేసి దీన్ని నిదానంగా చదవండి. నెలకు ఏడెనిమిది సార్లు నొప్పి వస్తుందని రాశారు, కానీ ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారో రాయలేదు. ఈ ఒక్క వివరం తెలియకుండా ఏ సలహా ఇచ్చినా అది సగం సలహానే అవుతుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు లేదా అంతకు మించి, కెఫీన్ కలిసిన మిశ్రమ మాత్రలు, ఎర్గోటమిన్ ఉన్న మైగ్రేన్ మాత్రలు, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మందులు, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మందులు నెలలో 10 రోజులు లేదా అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెస్తాయి. రోజూ పొద్దున లేవగానే తల బరువుగా ఉండటం, మాత్ర వేసుకుంటేగానీ పని మొదలుపెట్టలేకపోవడం దానికి గుర్తులు. ఇక్కడ లెక్కించవలసినది మాత్రల సంఖ్యను కాదు, మాత్ర వేసుకున్న రోజులను. వారానికి రెండు రోజులకు మించకుండా చూసుకోమని నేను అందరికీ చెబుతాను.

అవే మాత్రలు కడుపును కూడా దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వర్గం మందులు నొప్పిని కలిగించే పదార్థాలతో పాటు జీర్ణాశయపు లోపొరను కాపాడే పదార్థాలను కూడా తగ్గిస్తాయి, కాబట్టి మంట, పుండ్లు, ఒక్కోసారి రక్తస్రావం కూడా రావచ్చు. దానికి విరుగుడుగా కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ లేదా ఒమెప్రజోల్ వాడటం మొదలవుతుంది. ఆ మందుల దుష్ప్రభావాల జాబితాలో తలనొప్పి ఉంది, కొందరిలో విరేచనాలు కూడా ఉన్నాయి. వాంతికి వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ సైతం కొందరికి తలనొప్పినీ మలబద్ధకాన్నీ తెస్తుంది. తలకు వేసుకున్నది కడుపును, కడుపుకు వేసుకున్నది తలను రెచ్చగొట్టే ఈ చక్రంలో చిక్కుకున్నవారికి, కొత్త మందు రాయడం కంటే పాత మందులను బల్ల మీద పరిచి లెక్క చూడటమే చాలాసార్లు ఎక్కువ మేలు చేసింది. హనుమకొండ నుంచి వచ్చే ఒక ఉపాధ్యాయురాలు, ఆరో తరగతి పిల్లలకు పాఠం చెప్పే గొంతు ఎక్కడ నొప్పితో ఆగిపోతుందోనన్న భయంతో, నొప్పి రాకముందే రోజూ పొద్దున కెఫీన్ కలిసిన నొప్పి మాత్ర ఒకటి వేసుకునేవారు. ఆమెకు కడుపులో మంట, గుండెదడ, నిద్రలేమి, రోజువారీ తలనొప్పి అన్నీ ఉన్నాయి. ఆ మాత్రను వేసవి సెలవుల్లో ఆపించాము. మొదటి పది రోజులు ఆమెకు నిజంగా కష్టంగా గడిచాయి, ఆపిన కొత్తలో నొప్పి పెరుగుతుందని ముందే చెప్పకపోయి ఉంటే ఆమె మళ్లీ మొదలుపెట్టేవారు. బడులు తెరిచేనాటికి రోజువారీ నొప్పి పోయి, నెలకు మూడు నాలుగు సార్లు వచ్చే అసలు మైగ్రేన్ మాత్రమే మిగిలింది. ట్రమడాల్ లాంటివి, నిద్రమాత్రలు ఎక్కువకాలంగా వాడుతున్నవారు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, అది వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.

అలాగని నొప్పి వచ్చినప్పుడు ఓర్చుకుని కూర్చోమనడం నా ఉద్దేశం కాదు. వేసుకోవలసిన రోజున ఆలస్యం చేయకుండా, సరైన మోతాదులో వేసుకోవాలి. మైగ్రేన్ సమయంలో జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. ఆ సమయంలో ఆస్పిరిన్ రక్తంలోకి ఆలస్యంగా చేరుతుందని 1970లలోనే బ్రిటన్‌లో కొలిచి చూపించారు. రెండు గంటలు ఓర్చుకుని, వికారం ముదిరాక వేసుకున్న మాత్ర కడుపులోనే నిలిచిపోయి, పనిచేయలేదన్న భ్రమతో రెండోది వేసుకోవడానికి దారితీస్తుంది. అందుకే నొప్పి తేలికగా ఉన్నప్పుడే మందు తీసుకోమంటాము, దానితో పాటు జీర్ణాశయాన్ని కదిలించే డోంపెరిడోన్ లేదా మెటోక్లోప్రమైడ్ రాస్తాము. ఇవి దాడి వచ్చిన రోజుకే పరిమితం కావాలి. డోంపెరిడోన్‌ను గుండెలయ సమస్యలున్నవారు వాడకూడదు, మెటోక్లోప్రమైడ్ వల్ల కొందరికి ముఖంలో, మెడలో కండరాలు పట్టేసే ప్రమాదం ఉంది. సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు మైగ్రేన్‌కే ప్రత్యేకమైనవి, మీలాగా కడుపు బలహీనంగా ఉన్నవారికి డైక్లోఫెనాక్ కంటే నయం. గుండెజబ్బు, పక్షవాతం చరిత్ర, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి మాత్రం అవి పనికిరావు. వాంతులు ఎక్కువగా ఉన్నవారికి ముక్కులో కొట్టుకునే స్ప్రే రూపం కూడా ఉంది.

ఒత్తిడి గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. నొప్పి ఒత్తిడి పెరిగినప్పుడే కాదు, తగ్గినప్పుడు కూడా వస్తుంది. 2014లో న్యూయార్కులో మైగ్రేన్ ఉన్నవారి చేత రోజూ డైరీ రాయించి చేసిన ఒక చిన్న అధ్యయనంలో, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గిన తరువాత మొదటి ఆరు గంటల్లో దాడి వచ్చే అవకాశం ఐదు రెట్ల దాకా పెరిగినట్టు తేలింది. మీ ఉత్తరంలో "నెలాఖరు టార్గెట్లు ముగిసిన మర్నాడు, ఆదివారాలు కూడా వస్తోంది, అప్పుడు టెన్షన్ లేదు కదా" అని రాశారు. ఆ ప్రశ్నకు జవాబు ఇదే. దీనికి తోడు ఆదివారం ఆలస్యంగా లేవడం, కాఫీ రెండు గంటలు ఆలస్యం కావడం, టిఫిను మానేసి ఒంటిగంటకు బిర్యానీ తినడం కలుస్తాయి. పొలంలోని మోటారు బరువు లాగడం కంటే వోల్టేజీ హెచ్చుతగ్గులకే ఎక్కువగా కాలిపోతుంది. మైగ్రేన్ ఉన్న మెదడు కూడా అంతే, భారం కంటే ఆకస్మిక మార్పునే తట్టుకోలేదు. ఒత్తిడిని మీ జీవితం నుంచి తీసేయమని చెప్పడం నాకు తేలిక, అది మీ చేతిలో లేదు. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ మీ చేతిలో ఉన్నాయి. సెలవు రోజున కూడా మామూలు వేళకు గంటకు మించి తేడా లేకుండా లేవండి, కాఫీ అదే వేళకు తాగండి. నెలాఖరు ముగిసిన సాయంత్రం ఒక్కసారిగా పడుకుండిపోకుండా, అరగంట నడిచి, వేళకు తిని, రోజూ పడుకునే సమయానికే పడుకోండి. ఇది చిన్న సలహాలా కనిపిస్తుంది, కానీ నా దగ్గర దీన్ని పట్టుదలగా పాటించినవారిలో ఆదివారపు నొప్పి ముందుగా తగ్గింది.

తిండి విషయంలో నిషేధాల చిట్టా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. మైగ్రేన్ ఉన్నవారు ఇంటర్నెట్టులో జాబితాలు చదివి ఒక్కొక్కటీ మానేస్తూ, చివరికి పెరుగన్నం, బ్రెడ్డు మీద బతుకుతూ, బరువు తగ్గి రక్తహీనతతో రావడం చూశాను. ఏది తిన్నారన్నదాని కంటే ఎప్పుడు తినలేదన్నదే తలనొప్పికి పెద్ద కారణం. పరగడుపున కాఫీ ఒక్కటి తాగి బయలుదేరడం, మధ్యాహ్నం క్యారియరు మూడు గంటలకు విప్పడం, రాత్రి పదిన్నరకు భారీగా తినడం, ఈ మూడూ తలకూ కడుపుకూ సమానంగా చెడ్డవి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారికీ, రంజాను ఉపవాసాలు ఉండేవారికీ నేను మానమని చెప్పను. ముందురోజు నిద్ర తగ్గకుండా, నీళ్లు చాలినంత తాగి, కాఫీ అలవాటును కొన్ని రోజుల ముందు నుంచే మెల్లగా తగ్గించుకోమని చెబుతాను. అయినా ప్రతిసారీ నొప్పి వస్తుంటే, పండో పాలో తీసుకునే సడలింపు ఎవరి సంప్రదాయంలో వీలైతే వారు దాన్ని వాడుకోవాలి.

కడుపు ఉబ్బరానికి మాత్రం తినే పదార్థాలకు కొంత సంబంధం ఉంది. చిన్నపేగులో సరిగా అరగని కొన్ని పిండిపదార్థాలు పెద్దపేగులో పులిసి గాలిని తయారుచేస్తాయి. వాటిని కొన్ని వారాలు తగ్గించి, ఆ తరువాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి చూసే ఫాడ్‌మ్యాప్ పద్ధతిని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు రూపొందించారు. మన వంటింట్లో ఆ జాబితాలోకి ముందుగా వచ్చేవి ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు. మన ప్రాంతంలో పెద్దవారిలో పాలు సరిగా అరగనివారు చాలా ఎక్కువ. వారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ సరిపడతాయి. కాబట్టి రెండు వారాల పాటు పాలు, పాలకాఫీ తగ్గించి చూడటం ఖర్చులేని మొదటి పరీక్ష. అన్నం, పెసరపప్పు, బీర, సొర, దోస, పొట్లకాయ లాంటివి చాలామందికి తేలికగా అరుగుతాయి. ఉల్లి, వెల్లుల్లి తగ్గించినప్పుడు ఇంగువ తాలింపు రుచి నిలబెడుతుంది. తీసేయడం ఎంత ముఖ్యమో తిరిగి చేర్చడం అంతే ముఖ్యం. ఆరు వారాలకు మించి జాబితా పట్టుకుని కూర్చోకూడదు, వీలైతే ఆహార నిపుణుల సలహాతో చేయాలి. పీచు కోసం గోధుమ పొట్టు తింటే ఐబీఎస్‌లో ఉబ్బరం పెరుగుతుంది, ఇసబ్‌గోల్ మేలు. ఇవన్నీ చేసే ముందు మీ వైద్యుడిని థైరాయిడ్, సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం), హెచ్ పైలోరీ (జీర్ణాశయంలో పుండ్లు తెచ్చే బాక్టీరియా) పరీక్షలు జరిగాయా అని ఒకసారి అడగండి. హెచ్ పైలోరీకి శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించే పక్షంలో పాంటాప్రజోల్ లాంటివి రెండు వారాల ముందు ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుగా రావచ్చు.

నివారణ మందుల గురించి మన దగ్గర అనవసరమైన భయం ఉంది. నెలలో నాలుగు రోజులకు పైగా నొప్పి వస్తూ పని ఆగిపోతుంటే రోజూ ఒక మందు వాడటం గురించి ఆలోచించాలి, మీరు ఆ గీత దాటారు. మీ విషయంలో నేను ముందుగా ఆలోచించేది రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్. ఇది మైగ్రేన్‌ను నివారిస్తుంది, పేగుల నొప్పి సంకేతాలనూ తగ్గిస్తుంది. 2023లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైన బ్రిటిష్ అధ్యయనంలో 463 మంది ఐబీఎస్ రోగులపై 10 నుంచి 30 మిల్లీగ్రాముల మోతాదును పరీక్షించినప్పుడు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే వీరికి స్పష్టంగా మేలు కలిగింది. మలబద్ధకం దీని దుష్ప్రభావం, మీకున్నది విరేచనాల బాధ కాబట్టి అది కొంత కలిసివస్తుంది కూడా. నోరు ఎండిపోవడం, మొదటి వారం పొద్దున మత్తు, కొంత బరువు పెరగడం ఉంటాయి. మందుల షాపులో ఎవరో "ఇది డిప్రెషన్ మందు, పిచ్చివాళ్లకిచ్చేది" అన్నారని రెండో రోజే ఆపేసినవారు ఎందరో ఉన్నారు. ఆ మందును ఇంత తక్కువ మోతాదులో ఇచ్చేది నొప్పి నాడుల కోసం. ఒకవేళ డిప్రెషన్ కోసమే ఇచ్చినా అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ప్రొప్రనొలాల్ మరో మంచి మందు, ఉబ్బసం ఉన్నవారికి ఇవ్వకూడదు. ఫ్లునారిజిన్ మన దేశంలో విస్తారంగా రాస్తారు, బరువు పెరగడం, మనసు దిగులుగా ఉండటం గమనించుకోవాలి. టోపిరమేట్, వాల్‌ప్రొయేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి, పిల్లల కోసం ఆలోచిస్తున్నారో లేదో మీరు రాయలేదు కాబట్టి ఈ మాట తప్పనిసరిగా వైద్యుడికి చెప్పండి. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, చూపులో ఖాళీలు కనిపించేవారు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వచ్చాయి, ఖర్చు ఎక్కువ. మామూలు మందులు విఫలమయ్యాక చూడవలసినవి, కొన్ని మలబద్ధకాన్ని తెస్తాయి. మెగ్నీషియం మాత్రలు మైగ్రేన్‌కు కొంత మేలు చేస్తాయి కానీ విరేచనాలను పెంచుతాయి కాబట్టి మీకు నేను సూచించను. ఏ నివారణ మందైనా పనిచేస్తోందో లేదో చెప్పడానికి కనీసం ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజుల్లో ఆపేసి పనికిరాలేదనడం ఆ మందుకు న్యాయం కాదు, మీకూ కాదు.

మనసుకు సంబంధించిన చికిత్సను చివరి దిక్కుగా చూడకండి. ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ మైగ్రేన్‌కూ ఐబీఎస్‌కూ పనిచేస్తుందని తగినంత ఆధారం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో మందులు మాత్రమే వాడినవారి కంటే మందులతో పాటు మూడు నెలలు యోగా చేసినవారికి నొప్పులు తగ్గాయి, మాత్రల వాడకమూ తగ్గింది. మందుకు బదులుగా కాదు, మందుతో పాటు అన్న మాట మరువకండి. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున పొట్ట పైకీ కిందికీ కదిలేలా నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం నేను అందరికీ నేర్పుతాను. ఉదయం విరేచనాల తొందర ఉన్నవారికి ఆఫీసుకు బయలుదేరే ముందు చేస్తే మార్పు కనిపిస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, బతుకు మీద విసుగు లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడిని కలవండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఒత్తిడి అని సరిపెట్టుకోకూడదు. క్షణాల్లో తారస్థాయికి చేరే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చెయ్యి కాలు బలహీనపడటం, మాట తడబడటం, ఫిట్స్, 50 ఏళ్లు దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి, గర్భిణిలో లేదా ప్రసవం తరువాత కొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి, వీటికి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కడుపు విషయంలో మలంలో రక్తం, తారులాంటి నల్లని మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, మింగడం కష్టం కావడం, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సరు ఉండటం, వీటిలో ఏది ఉన్నా మళ్లీ పరీక్షలు అవసరం. పాత రిపోర్టు బాగుందన్న ధైర్యంతో ఆగిపోవద్దు.

ఇక ఉద్యోగం. మీరు మానేస్తే కొన్ని నెలలు నయంగా అనిపించవచ్చు, కానీ స్పందించే స్వభావం మీతోనే ఉంటుంది, దానికి ఆదాయం పోయిన దిగులు తోడవుతుంది. నా సలహా ఏమిటంటే, నిర్ణయాన్ని మూడు నెలలు వాయిదా వేసి, ఆ మూడు నెలలూ ఒక చిన్న పుస్తకంలో ప్రతి రోజూ నాలుగు విషయాలు మాత్రమే రాయండి: నొప్పి ఉందా లేదా, ఎంత తీవ్రంగా ఉంది, మాత్ర వేసుకున్నారా, విరేచనం ఎలా ఉంది. నెలసరి తేదీలను కూడా గుర్తు పెట్టండి, ఎందుకంటే నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు వచ్చే నొప్పికి చికిత్స కొంత వేరుగా ఉంటుంది. ఆఫీసులో అడగడానికి మొహమాటపడే చిన్న సదుపాయాలను ఈలోగా అడగండి: కిటికీ వెలుతురు సూటిగా పడని సీటు, ఒంటిగంటకు ఇరవై నిమిషాల భోజన విరామం, రాత్రి తొమ్మిది తరువాత ఫోను సందేశాలకు మర్నాడు జవాబిచ్చే వెసులుబాటు. కావాలంటే మైగ్రేన్ ఉందని మీ వైద్యుడు ధ్రువపత్రం రాసి ఇస్తారు, అది అడగడంలో తప్పు లేదు. మూడు నెలల తరువాత ఆ పుస్తకంలో పని రోజులకూ నొప్పికీ మధ్య గట్టి సంబంధం కనిపిస్తే, అప్పుడు విభాగం మారడమా, బ్యాంకు మారడమా అన్నది ఆలోచించవచ్చు. మాత్రలు వాడిన రోజుల సంఖ్య, ఇప్పుడు వాడుతున్న అన్ని మందుల పేర్లు, కళ్ల ముందు మెరుపులు వస్తాయా రావా అన్న వివరం ఇక్కడ రాస్తే, నేను చెప్పినవాటిలో మీకు ఏవి వర్తిస్తాయో మరికొంత కచ్చితంగా చెప్పగలను.